తేనెటీగ విషమే మందుగా: ఒక దింపు కార్మికుడి కేసు

ఆటోలో ఆయన్ని ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తెచ్చారు. తల పక్కవాడి భుజం మీద వాలిపోయింది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాచిపోయి ఉన్నాయి, బనియను చెమటకి ఒంటికి అంటుకుపోయింది. మణికట్టు దగ్గర నాడి అందీ అందనట్టుంది. బీపీ 70/40. మాట్లాడటానికి ప్రయత్నిస్తున్నాడు గానీ గొంతులోంచి గరగర తప్ప మాట రావటం లేదు. మెడ మీద చెవి కింద సున్నం పూసి ఉంది. ఆ తెల్లటి సున్నం మధ్యలో గోధుమరంగు ముల్లు, దాని చివర ఆవగింజంత విషపు తిత్తి ఇంకా చర్మంలోనే ఉన్నాయి.

వయసు 41. కోనసీమలో కొబ్బరి దింపు ఆయన వృత్తి. మామిడి పూత మీదున్న రోజులు. తోట గట్టున ఉన్న నిద్రగన్నేరు కొమ్మకి పెద్ద తేనెపట్టు పట్టింది. దాన్ని గద్ద తన్నడంతో ఈగలు లేచాయి. అప్పటికి ఈయన పక్క చెట్టు మీద, గెల నరుకుతూ ఉన్నాడు. మూడు కుట్టాయి. కిందకి తనే దిగాడు. దిగిన ఐదారు నిమిషాల్లో అరచేతులు, అరికాళ్ళు దురద, తర్వాత కడుపులో నొప్పి, వాంతి, కళ్ళు బైర్లు కమ్మడం. దారిలో ఒక చోట ఆవిల్ (ఎలర్జీ మందు), డెకడ్రాన్ (స్టెరాయిడ్) ఇంజెక్షన్లు చేసి "పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపొండి" అన్నారు. అడ్రినలిన్ ఇవ్వలేదు. నా దగ్గరికి చేరేసరికి కుట్టి 35 నిమిషాలు.

ఆ రెండు ఇంజెక్షన్లూ తప్పు మందులు కావు, కాకపోతే మొదట ఇవ్వాల్సినవి కావు. దద్దుర్లు తగ్గించడానికి ఆవిల్ పనికొస్తుంది. పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతుని అది నిలబెట్టలేదు. ఆ పని చేసేది అడ్రినలిన్ ఒక్కటే. తొడ బయటివైపు కండలోకి 0.5 మిల్లీగ్రాము, అంటే మామూలు ఆంపుల్లో సగం. బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టి, అది ఇచ్చాం. ఆటోలో కూర్చోబెట్టి తేవడం కూడా ప్రమాదమే. ఈ స్థితిలో మనిషిని నిలబెట్టినా, ఒక్కసారిగా లేపి కూర్చోబెట్టినా గుండెకి తిరిగి రావాల్సిన రక్తం రాక ప్రాణం పోవచ్చు. ఊపిరి ఆడక ఆయాసపడుతుంటే తప్ప పడుకోబెట్టే తీసుకురావాలి.

ఏడు నిమిషాలకి బీపీ 80 దాటలేదు. రెండో డోసు ఇచ్చాం. సెలైన్ ఒకటిన్నర లీటరు ఎక్కింది. ఆ తర్వాతే నాడి చేతికి నిండుగా అందింది. ఆయన భార్య వచ్చాక తెలిసింది, రక్తపోటుకి రోజూ అటెనలాల్ మాత్ర వేసుకుంటున్నాడని. ఈ రకం మాత్రలు అడ్రినలిన్ పనిని కొంత అడ్డుకోగలవు. రెండో డోసు పడటానికి అదే కారణమని తేల్చి చెప్పను, ఆ మాత్ర లేనివాళ్ళకీ రెండో డోసు పడుతుంది. అయినా కొన్ని వారాల్లో దాన్ని మెల్లగా తగ్గించి ఆమ్లోడిపిన్‌కి మార్చాను.

గంటన్నరకి తీసిన రక్తంలో ట్రిప్టేజ్ 24 వచ్చింది. ట్రిప్టేజ్ అనేది, ఎలర్జీ రేపే మాస్ట్ కణాల్లో ఉండే ఎంజైము. అవి పగిలితేనే ఇలా రక్తంలో ఎగబాకుతుంది. నెలన్నర తర్వాత మామూలు రోజున తీస్తే 4.8. మామూలు రోజు విలువని 1.2తో గుణించి 2 కలిపితే 7.76. 24 ఆ హద్దుకి మూడు రెట్లు కాబట్టి ఇది భయంతో వచ్చిన సొమ్మ కాదు, అసలైన అనాఫిలాక్సిస్, అంటే ఒళ్ళంతా ఒక్కసారిగా కమ్ముకునే ప్రాణాంతకమైన ఎలర్జీ. మామూలు రోజు విలువ తక్కువగా ఉండటం ఇంకో విధంగా ఊరట. అది ఎక్కువగా ఉంటే మాస్ట్ కణాలే అతిగా పెరిగే జబ్బు ఉందేమోనని వెతకాలి, వైద్యం జీవితాంతం సాగించాల్సి రావచ్చు.

ఇరవై నాలుగు గంటలు ఉంచుకున్నాను. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టే రకం కూడా ఉంటుంది కాబట్టి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. పదో రోజున వచ్చినప్పుడు తేనెటీగ విషానికి ఐజీఈ, అంటే ఎలర్జీ రేపే యాంటీబాడీ, పరీక్ష పంపాను. 0.6 వచ్చింది. 0.35 దాటితే ఉన్నట్టు లెక్క గనక ఉందనే చెప్పాలి, కానీ అంత పెద్ద రియాక్షన్ చూశాక ఈ అంకె నన్ను తికమక పెట్టింది. ఇంకేదైనా కారణమేమో అని ఒక పూట అనుకున్నాను. ఆయనతో అనలేదు, అదే మేలయింది. పెద్ద రియాక్షన్ వచ్చిన కొత్తలో ఆ జాతి యాంటీబాడీలు ఖర్చయిపోయి ఉంటాయి, చర్మం కూడా కొన్ని వారాలు పలకదు. అందుకే పరీక్షలు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చెయ్యమంటారు. నేను చదువుకున్నదే, ఆ రోజు ఆగలేకపోయాను. ఆరో వారంలో మళ్ళీ చేస్తే ఐజీఈ 9.8. చర్మం లోపలికి ఇచ్చే పరీక్షలో మిల్లీలీటరుకి 0.01 మైక్రోగ్రాము పలచనకే బిళ్ళలా దద్దురు లేచింది. కందిరీగ విషానికి ఏమీ లేదు.

ఆరా తీస్తే ఇంకో సంగతి బయటపడింది. అంతకు ఎనిమిది నెలల ముందు ఒకసారి కుట్టినప్పుడు చెయ్యంతా మోచేతి దాకా వాచి, పొట్ట మీద దద్దుర్లు వచ్చాయట. "వేడి చేసిందనుకున్నామండి" అంది భార్య. కుట్టిన చోటికి దూరంగా దద్దుర్లు రావడమే మొదటి హెచ్చరిక. వాపు ఎంత పెద్దదైనా కుట్టిన చోటే ఉంటే అంత భయం లేదు. ఈ తేడా దింపు, ఒలుపు పనులు చేసేవాళ్ళకి, తోటల్లో తిరిగేవాళ్ళకి తెలియాలని నాకు బలంగా ఉంది.

వృత్తి మానమని చెప్పడం నాకు తేలిక. ఆయన మాట ఒక్కటే: "చెట్టెక్కకపోతే ఇల్లు గడవదండి డాక్టరు గారండి." నలభై అడుగుల ఎత్తున స్పృహ తప్పితే విషం కన్నా ముందు నేల చంపుతుంది. అందుకే ఈ కేసులో విషంతో ఇమ్యునోథెరపీ అన్నది సౌకర్యం కాదు, అవసరం. తేనెటీగ విషాన్నే అతి చిన్న మోతాదుల్లో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, శరీరానికి అలవాటు చెయ్యడం. విన్నాక ఆయన కాసేపు ఆలోచించి, "ముల్లుని ముల్లుతోనే తీస్తారన్నమాట" అన్నాడు.

ఈ ఆలోచన పాతదే. 1902లో పోర్టియే, రిషే కుక్కల మీద ప్రయోగం చేస్తూ, మొదటిసారి తట్టుకున్న విషాన్ని రెండోసారి అతి కొద్దిగా ఇచ్చినా చచ్చిపోవడం చూసి దానికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకి 1913లో నోబెల్ వచ్చింది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడికి ఇంజెక్షన్ల వైద్యం ప్రచురించాడు. తేనెటీగల విషయంలో మాత్రం చాలా ఏళ్ళు దారి తప్పారు. విషానికి బదులు ఈగ మొత్తాన్ని నూరి తీసిన రసాన్ని ఎక్కించేవారు. 1978లో అమెరికాలో విషం, ఈగ రసం, ఉత్తుత్తి మందు మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఆసుపత్రిలో కావాలని కుట్టించి చూశారు. ఈగ రసం ఉత్తుత్తి మందు కన్నా మెరుగు కాదని, విషం దాదాపు అందరినీ కాపాడిందని తేలింది. అప్పటిదాకా ఆ రసాన్నే నమ్ముకుని చెట్ల కింద తిరిగినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నాకున్న ఒక సందేహం. మందుగా దొరికే విషం ఐరోపా జాతి తేనెటీగది, మనం పెట్టెల్లో పెంచే ఇటాలియన్ ఈగ కూడా ఆ జాతిదే. ఈయన్ని కుట్టింది పెద్ద పట్టు పట్టే కొండ తేనెటీగ. రెంటి విషంలోనూ ముఖ్యమైన ప్రొటీన్లు, అంటే ఫాస్ఫోలిపేజ్, హయాలురోనిడేజ్, మెలిటిన్, చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. చర్మ పరీక్షలో ఐరోపా ఈగ విషానికే ఈయన అంత గట్టిగా పలకడం కూడా దానికి సాక్ష్యం. అయినా నూటికి నూరు ఒకటే అనుకోలేను. అందుకే వైద్యం నడిచినంతకాలం అడ్రినలిన్ దగ్గర ఉంచుకోవాలన్నది నా షరతు.

మొదటి దశ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగింది. అక్కడే ఉంచుకుని మైక్రోగ్రాములో పదో వంతుతో మొదలుపెట్టారు. రోజుకి నాలుగైదు డోసులు, పెంచుకుంటూ. ముందు నుంచీ లెవోసెట్రిజిన్ మాత్ర. 60 మైక్రోగ్రాముల దగ్గర మెడ మీద దద్దుర్లు, గొంతు పట్టేసినట్టు ఉండటం మొదలైంది. వెంటనే అడ్రినలిన్ ఇచ్చి ఆపారు. మర్నాడు 40కి దిగి, మళ్ళీ మెల్లగా ఎక్కారు. ఆరో రోజుకి 100 మైక్రోగ్రాములు తట్టుకున్నాడు. ఐరోపా తేనెటీగ ఒక్కసారి కుడితే సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాములు దిగుతుంది. అంటే, ఆరు రోజుల క్రితం ఆయన్ని చంపగలిగిన మోతాదు ఇప్పుడు చేతి మీద కోడిగుడ్డంత వాపుతో సరిపోయింది.

ఆ తర్వాత నెలకోసారి 100 మైక్రోగ్రాములు, నా దగ్గరే. మందు పొడి రూపంలో సీసాలో వస్తుంది. దాన్ని అల్బుమిన్ కలిపిన సెలైన్‌తో కలపాలి. మామూలు సెలైన్‌తో కలిపితే విషం సీసా గాజుకే అంటుకుపోయి మోతాదు తగ్గిపోతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకుల మధ్య పెట్టి గోదావరి దాటించి తెచ్చుకునేవాళ్ళం. వేసవిలో కరెంటు పోయిన రోజున మందుంచే ఫ్రిజ్ ఒక్కదానికీ విడిగా ఇన్వర్టర్ పెట్టించాను. ప్రతి డోసు తర్వాత అరగంట బల్ల మీదే. ఆ రోజు చెట్టెక్కకూడదు.

అసలు మలుపు మూడో నెలలో వచ్చింది. ఐజీఈ మళ్ళీ తీశాం. 14.6. ఆయన కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, రిపోర్టు చదవడం వచ్చు. "సార్, తొమ్మిది నుంచి పద్నాలుగయింది. ఎలర్జీ ఎక్కువైంది కదండి. ఇంక చాలండి, నాన్నని వదిలెయ్యండి" అన్నాడు. గొంతు వణుకుతోంది. ఆ కుర్రాడు అడిగినది సరైన ప్రశ్నే. చాలామంది డాక్టర్లు కూడా ఇక్కడే తడబడతారు. ఆ రోజు వాళ్ళిద్దరికీ కూర్చుని చెప్పింది కొంచెం వివరంగా రాస్తాను.

మాస్ట్ కణం అంటే లోపల హిస్టమిన్ వగైరా నింపుకున్న సంచి. దాని ఒంటి నిండా ఐజీఈ యాంటీబాడీలు ముళ్ళలా నిలబడి ఉంటాయి. విషపు ప్రొటీను వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలని కలిపి పట్టుకుందంటే సంచి తెగుతుంది. ఒకేసారి లక్షల సంచులు తెగితే అది అనాఫిలాక్సిస్. ఇంజెక్షన్లు మొదలైన కొన్ని గంటల్లోనే, ఐజీఈ ఏమాత్రం తగ్గకపోయినా, ఈ సంచులు తెగడం మందగిస్తుంది. చిన్న చిన్న మోతాదులు వాటిని కొద్దికొద్దిగా ఖాళీ చేస్తాయి, పగిలే హద్దు పైకి జరుగుతుంది. హిస్టమిన్‌ని అందుకునే రెండో రకం గ్రాహకాలు కణాల మీద పెరిగి, కణాన్ని వెనక్కి లాగుతాయి. ఆరో రోజుకే 100 తట్టుకోవడం వెనకున్నది ఈ తొలి మార్పే.

రెండోది వారాల్లో మొదలవుతుంది, నిజమైన మార్పు అదే. మా డెల్టాలో కాలవకి లాకు ఉంటుంది, లాకు దగ్గర లష్కరు ఉంటాడు. పైనుంచి ఎంత నీరొచ్చినా ఏ బోదెకి ఎంత వదలాలో చూసేది ఆయన. శరీరంలో రెగ్యులేటరీ టీ కణాల పని, అంటే రోగనిరోధక వ్యవస్థని అదుపులో పెట్టే కణాల పని ఇదే. విషం మళ్ళీ మళ్ళీ, పద్ధతిగా, చర్మం కింద కనిపిస్తుంటే ఈ కణాలు పెరిగి ఐఎల్-10, టీజీఎఫ్-బీటా అనే సంకేతాలు వదులుతాయి. ఎలర్జీ వైపు ఎగదోసే టీ కణాలని ఆ సంకేతాలు అణుస్తాయి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకి ఐజీఈ కాదు, ఐజీజీ4 అనే ఇంకో రకం యాంటీబాడీ తయారు చెయ్యమని చెబుతాయి. 1998లో స్విట్జర్లాండ్ పరిశోధకులు తేనెటీగ విషం వైద్యంలోనే ఈ ఐఎల్-10 పాత్రని చూపించారు. తర్వాత 2008లో, ఈగలు తరచుగా కుట్టే తేనెటీగల పెంపకందార్లలో కూడా, ఈగలు కుట్టే కాలంలో అదే మార్పు సహజంగా జరుగుతోందని చూశారు. ఏడాదికి వందల సార్లు కుట్టించుకునే పెంపకందారు నవ్వుతూ చెయ్యి దులుపుకోవడం, ఎప్పుడో ఒకసారి కుట్టించుకునేవాడు పడిపోవడం, రెండూ ఒకే సూత్రం.

ఐజీజీ4 చేసే పని సులువుగా చెప్పొచ్చు. విషపు ప్రొటీను మాస్ట్ కణం దాకా చేరకముందే దారిలో పట్టేసుకుంటుంది. చేరినదాన్ని కూడా, కణం మీదున్న ఇంకో గ్రాహకం ద్వారా "తెగొద్దు" అని ఆపుతుంది. తాను మాత్రం మంట రేపదు.

మరి ఐజీఈ ఎందుకు పెరిగింది? శరీరంలోకి విషం మళ్ళీ వస్తోంది కాబట్టి పాత జ్ఞాపకం ఉన్న బీ కణాలు ముందు పాత పనే చేస్తాయి. మొదటి నెలల్లో ఐజీఈ పెరగడం ఆనవాయితీ. ఏళ్ళ మీద మెల్లగా దిగుతుంది. పైగా రక్తంలో ఐజీఈ రెండు రోజుల్లో సగమైపోతుంది, మాస్ట్ కణాలకి పట్టుకున్నది మాత్రం వారాల తరబడి ఉంటుంది. కాబట్టి ఆ అంకె చూసి ఈ రోజు భద్రమా కాదా అని చెప్పలేం. ఆ కుర్రాడికి నగరం నుంచి వచ్చిన ఐజీజీ4 కాగితం కూడా చూపించాను: మొదట 0.4, మూడో నెలకి 8.1. ఇరవై రెట్లు. "ఇది చూసి నాన్నకి తగ్గిపోయిందనొచ్చాండి?" అని అడిగాడు. అనకూడదు. ఐజీజీ4 ఎంత పెరిగితే అంత రక్షణ అనే లెక్క కుదరదు. బాగా పెరిగినా కుడితే రియాక్షన్ వచ్చినవాళ్ళున్నారు. వైద్యం ఆపాక ఇది దిగిపోయినా భద్రంగా ఉన్నవాళ్ళూ ఉన్నారు. టీ కణాలు నేర్చుకున్న పాఠం ఏ ల్యాబు కాగితంలోనూ కనిపించదు. అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉండి, "అయితే ఇంకో ఆరు నెలలు చూద్దాం నాన్నా" అన్నాడు. ఆయన "ఆయ్" అన్నాడు.

పదకొండో డోసు తర్వాత వానలు, గోదావరికి వరద, లంకల్లోంచి రాకపోకలు ఆగి ఒకసారి మూడు వారాలు ఆలస్యమైంది. 100 నుంచి 50కి తగ్గించి, వారం తర్వాత మళ్ళీ 100 ఇచ్చాం. ఏ ఇబ్బందీ రాలేదు.

పద్నాలుగో నెలలో నిజమైన పరీక్ష జరిగింది. ఐరోపాలో ఆసుపత్రిలోనే ఈగ చేత కుట్టించి చూసే పద్ధతి ఉంది. నేను ఆ పని చెయ్యలేదు, చేసే వసతి నాకు లేదు. అది తోటలోనే జరిగింది. మోచేతి మీద ఒకటి, వీపు మీద ఒకటి. ఆయన ముల్లుని గోటితో వెంటనే గీకేశాడు. పట్టకారు వెతుక్కోలేదు, అదే సరైన పని, ఎలా తీశామన్నదాని కన్నా ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. చెట్టు కింద గోనెసంచి మీద పడుకున్నాడు. భార్య ఆంపుల్ విరిచి, ఒక మిల్లీలీటరు సిరంజిలో సగం గీత దాకా మందు లాగి, తొడ పక్కన చేత పట్టుకుని గంటసేపు కూర్చుంది. దద్దురు లేదు, దురద లేదు, గొంతు మామూలే. కుట్టిన చోట అరచెయ్యంత వాపు, అంతే. సాయంత్రం నా దగ్గరికి వచ్చి, క్యాలెండర్ కాగితం మడతలోంచి ఒక ముల్లు తీసి బల్ల మీద పెట్టాడు. తిత్తి ఎండి ముడుచుకుపోయి ఉంది. మొదటి రోజు మెడ మీద చూసిన ముల్లే గుర్తొచ్చి, కాసేపు నా నోట మాట రాలేదు.

ఒక్క కేసుతో గొప్పలు చెప్పను. తేనెటీగ విషంతో వైద్యం పూర్తి రక్షణ ఇచ్చేది 77 నుంచి 84 శాతం మందికి. కందిరీగ విషానికి 91 నుంచి 96. ఇంజెక్షన్లతో వచ్చే రియాక్షన్లు కూడా తేనెటీగ విషంతోనే ఎక్కువ. డోసు మీద ఉండగా కుట్టి మళ్ళీ రియాక్షన్ వస్తే 200 మైక్రోగ్రాములకి పెంచితే చాలామందికి సరిపోతుంది. ఈయనకి ఆ అవసరం రాలేదు.

రెండో ఏట ఆరు వారాలకోసారికి, మూడో ఏట ఎనిమిది వారాలకోసారికి మార్చాం. మూడేళ్ళ చివర ఐజీఈ 3.1, ఐజీజీ4 పెరిగి ఒకచోట నిలిచింది. మూడేళ్ళకి ఆపొచ్చని కొందరంటారు. నేను ఐదేళ్ళు సాగిస్తున్నాను. మొదటి రియాక్షన్ బీపీ పడిపోయేంత తీవ్రమైనది, డోసులు పెంచేటప్పుడు ఒకసారి రియాక్షన్ వచ్చింది, పైగా ఏటా మామిడి పూతకి ఆ నిద్రగన్నేరు మీద పట్టు పడుతూనే ఉంది. ఇలాంటివాళ్ళలో త్వరగా ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఖర్చు మాట ఆయనే ఎత్తాడు, తోటల యజమానులు ఇద్దరు కొంత సాయం పట్టారు.

ఇంటి దగ్గర అడ్రినలిన్ విషయంలో ఒక మాట. ఆటో ఇంజెక్టర్లు, అంటే మోతాదు ముందే నింపి ఉండే అడ్రినలిన్ పెన్నులు, మన మందుల షాపుల్లో దొరకడం కష్టం. రెండు ఆంపుల్స్, రెండు సిరంజిలు, ఒక డబ్బా, అంతే మా ఏర్పాటు. మూడు నెలలకోసారి నీళ్ళ ఆంపుల్ విరిపించి, గీత దాకా లాగించి, దిండు మీద గుచ్చించి భార్య చేత సాధన చేయిస్తాను. కొడుకు కూడా నేర్చుకున్నాడు. డబ్బాని బైకు సీటు కింద పెట్టొద్దు, ఎండకి మందు చెడుతుంది. ఆంపుల్‌లోని మందు గోధుమరంగులోకి తిరిగితే పారెయ్యాలి.

వచ్చే డోసు ఈ నెలాఖరున. ఆ డబ్బాలోవాటి గడువు కూడా ఈ నెలతోనే తీరుతుంది. కొత్త ఆంపుల్స్ తీసి పెట్టాను.